ఏడో తారీఖు దాటించడం ఎలా?

విజయవాడ ఆటోనగర్‌లో లేతు మిషన్లు వేసుకుని, ఎనిమిది మందితో షెడ్డు నడుపుతున్న తమ్ముళ్లారా! ఈ నెల జీతం పై నెల 7వ తారీఖు లోపు ఇచ్చేయాలని వేతనాల కోడ్ చెబుతోంది. 2025 నవంబరు 21 నుంచి అది అమల్లో ఉంది. అంతకుముందు 1936 చట్టం కూడా మనలాంటి చిన్నవాళ్లకు ఇదే గడువు పెట్టింది. కంగారు పడకండి. నేను చెప్పినట్టు వరుసగా చేసుకుపోండి.

1. ముందు వారం, తిథి చూడండి. మంగళవారం డబ్బు తీయకండి. శుక్రవారం లక్ష్మిని గడప దాటించకండి. అమావాస్య సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆదివారం బ్యాంకు సెలవు. మిగతా రోజుల్లో చీకటి పడ్డాకే షెడ్డుకు రండి. దీపాలు పెట్టాక డబ్బు ఎవరిస్తారు? ఫోన్‌పే చేయండి సార్ అని ఒకడు అంటాడు. సర్వర్ డౌన్ అనండి. ఏడో తారీఖు దానంతటదే పదిహేను అవుతుంది.

2. "రేపు రా" అనడం అలవాటు చేసుకోండి. ఒకప్పుడు మన ఊళ్లలో తలుపు మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాస్తే దెయ్యమే చదువుకుని వెనక్కి పోయేదట. మీ ఫిట్టర్ ఎంత? అద్దాల తలుపు బయట, చేతికంటిన గ్రీజు పాత బనీను గుడ్డతో తుడుచుకుంటూ నిలబడతాడు. లోపలికి పిలవకండి. ఫోన్ చెవికి పెట్టుకుని "పార్టీ పేమెంటు ఇంకా పడలేదండీ" అని గట్టిగా అనండి. ఇంటి అద్దె అంటాడు, పాప స్కూలు ఫీజు అంటాడు. తలూపండి. కాసేపటికి గుడ్డ మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోతాడు. ఒక రోజు గెలిచారు.

3. జీతం బదులు అడ్వాన్సులు విదిలించండి. ఇవాళ ఐదొందలు, ఎల్లుండి వెయ్యి. సిగరెట్టు పెట్టె అట్ట మీద పెన్సిల్‌తో రాయండి. రిజిస్టరు, పే స్లిప్పు ఎందుకు, చేతులు నొప్పి! గొడవొస్తే జీతం ఇచ్చామని రుజువు చేయాల్సింది ఓనరే అని చట్టం. అట్ట పోయింది కదా, రుజువు చేసే శ్రమ కూడా పోయింది.

4. ధారాళంగా కోయండి. కోతలన్నీ కలిపి జీతంలో సగం దాటకూడదు, జరిమానా 3 శాతం దాటకూడదు అని రాశారు. శాతాలు తీయడం చాదస్తం. డ్రిల్ బిట్ విరిగితే వెయ్యి కోయండి. పది నిమిషాలు లేటైతే పూట కోయండి. ఓవర్‌టైముకు రెట్టింపు అడిగితే మిర్చి బజ్జీ, టీ తెప్పించండి.

5. మానేస్తానంటే మురిసిపోండి. రెండు పనిదినాల్లో లెక్క తేల్చాలి. మీరు మాత్రం "ఆడిటర్ గారు తిరుపతి వెళ్లారు" అనండి. ఏ నెల అడిగినా అక్కడే ఉంచండి.

6. లేబర్ ఆఫీసు నుంచి నోటీసు వస్తుంది. మూడేళ్ల దాకా ఎప్పుడైనా అర్జీ పెట్టుకోవచ్చు కాబట్టి, మీరు మర్చిపోయిన పాత మనుషులు కూడా కలిసొస్తారు. ఓనరు లేడని వాచ్‌మన్‌తో చెప్పించండి. అతనికీ రెండు నెలల జీతం బాకీయేగా, వచ్చినవాళ్లను మర్యాదగా మీ ఇంటిదాకా తీసుకొస్తాడు.

7. హియరింగుకు వెళ్లకండి. బకాయి మీద పదింతల దాకా పరిహారం వేసే అధికారం అక్కడుంది. జరిమానా 50 వేల దాకా పడొచ్చు. ఐదేళ్లలోపు మళ్లీ అదే తప్పు చేస్తే మూడు నెలల దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదంటే రెండూ. ముప్ఫై వేలు ఆపినందుకు మూడు లక్షల కాగితం చేతికి రావచ్చు. ఇంత ఎదుగుదల ఏ వ్యాపారంలో ఉంది?

8. ఈలోపు ఫిట్టర్ పక్క వీధి షెడ్డులో చేరతాడు. మీ పార్టీలు అతని చేతిపని వెతుక్కుంటూ అటే పోతాయి. పోనివ్వండి. ఇక ఏడో తారీఖున తలుపు దగ్గర ఎవరూ నిలబడరు. మిషన్ల మీద గోనెపట్టాలు కప్పండి. షట్టరు దించి, ఫ్యాను కింద నడుం వాల్చండి.