మా ఇంటి నీలి గోదావరి

మా ఆవిడకు ఫొటో దిగడమంటే భయం లేదు. దిగాక ఫోను నా చేతికి రావడమంటేనే భయం. పర్ణశాలలో కొత్త చీర కట్టుకుని నిలబడి, "ఉన్నది ఉన్నట్టు పంపండి, మీ కళలేం వద్దు" అని ముందే చెబుతుంది. నేను వింటానా? వెనకున్న అడవికి ఇంకాస్త పచ్చదనం, దానిమీద సాయంత్రపు ఎండ, ఆ పైన పొగమంచు. మంచు కురిసేసరికి మనిషి సగం మాయం.

పాత స్టూడియోల్లో నెగెటివ్ మీద పెన్సిల్‌తో టచింగ్ చేసేవాళ్లకు చెయ్యి ఎక్కడ ఆపాలో తెలుసు. 1994లో ఫొటోషాప్ మూడో వెర్షన్‌తో లేయర్లొచ్చాయి. అసలు బొమ్మను చెరపకుండా దానిమీద పొరలు వేసుకోవచ్చు, నచ్చకపోతే తీసేయొచ్చు. ఆ తీసేసే అవసరం నాకెప్పుడూ కలగలేదు. పై పొరకు మల్టిప్లై అనే మోడ్ పెడితే బొమ్మ ముదురుతుంది, స్క్రీన్ అనే మోడ్ పెడితే తెల్లబడుతుంది. మా అత్తగారి ముఖానికి స్క్రీన్ పెట్టాను. ముడతలు పోయాయి, ముక్కు కూడా దాదాపు పోయింది. ఆవిడ మురిసిపోయి ఫ్రేము కట్టించమంది. నేను చెడింది అక్కడే.

మాది భద్రాచలం. గోదావరి 43 అడుగులకొస్తే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986లో 75 అడుగులు దాటింది, 2022 జులైలో 71. అందుకే ఇక్కడి వరద ఫొటోలో ఎవరూ అందం చూడరు. మెట్లు ఎన్ని మునిగాయి, నీళ్లు ఏ రంగులో ఉన్నాయి, అంతే. అలాంటి ఎర్రనీళ్ల మీద నేను నీలం పొర పరిచి, మబ్బులు తీసేసి, ఇంద్రధనుస్సు తగిలించి, ఇంటివాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాను.

ఖమ్మం నుంచి బామ్మర్ది ఫోను. "వరద తీసిందన్నమాట బావా! రేపు అమ్మను తీసుకుని బయల్దేరుతున్నాం."

మా ఆవిడ ఫోను లాక్కుంది. "తగ్గింది నీళ్లు కాదురా, మీ బావకు బుర్ర. ఇల్లు కదలకండి."

అప్పట్నుంచి మా ఇంట్లో అసలు ఫొటో గ్రూపులోకి వెళ్లాకే నాకు ఎడిటింగ్ చేసుకునే అనుమతి. అయినా మీ జాగ్రత్తలో మీరుండండి. వానాకాలంలో భద్రాచలం నుంచి నీలి గోదావరి ఫొటో వస్తే మెచ్చుకోవద్దు, నీటిమట్టం ఎన్ని అడుగులో అడగండి.