వాన పడునా, పడబోవునా?

మా బాబాయి కొడుకు గుంటూరులో స్పోకెన్ ఇంగ్లీషు కోచింగుకు పోయి, పన్నెండు టెన్సుల చార్టు చంకన పెట్టుకొచ్చాడు. అప్పటికప్పుడు అనుకుంటే ‘విల్’. ముందే అనుకున్నా, కళ్లెదుట సూచన కనిపించినా ‘గోయింగ్ టు’. మాట ఇస్తే మళ్లీ ‘విల్’. రైలు వేళ లాంటి టైంటేబులైతే ఉత్త వర్తమానమే చాలట. ఖాళీ ఒక్కటి, జవాబు ఒక్కటి. తప్పితే మార్కు గోవిందా.

కల్లంలో తేజా మిరపకాయ ఎండుతోంది. పడమట మబ్బు పట్టింది. “వాన పడేట్టుంది, పట్టాలు లాగరా!” అని బాబాయి కేక. మబ్బు కనపడుతోంది కాబట్టి ‘గోయింగ్ టు’నా, నాన్న అప్పటికప్పుడు అన్నాడు కాబట్టి ‘విల్’లా అని వాడు తర్కంలో పడ్డాడు. వాడు తేల్చేలోగా వానే తేల్చేసింది. ఎర్రగా ఉండాల్సిన సరుకు తాలుకాయ లెక్కన యార్డుకు పోయింది. గ్రామరు మాత్రం చుక్క తడవలేదు.

నిన్నటిదాకా ‘షల్’ కోసం చావగొట్టారు. ‘నేను’కి షల్, ‘అతడు’కి విల్ అన్న సూత్రాన్ని 1653లో జాన్ వాలిస్ అనే గణితవేత్త, లాటిన్‌లో రాసిన ఇంగ్లీషు వ్యాకరణంలో పెట్టాడు. ఇది దక్షిణ ఇంగ్లండు వాళ్లకు పుట్టుకతో వస్తుంది, మిగతావాళ్లకు పట్టుబడటం కష్టమని 1906లో ఫౌలర్ సోదరులే ఒప్పేసుకున్నారు. స్కాట్లండు వాడికే అందని సూత్రానికి నరసరావుపేట పిల్లాడు తొడపాశం తిన్నాడన్నమాట!

అసలు ఇంగ్లీషుకు భవిష్యత్ టెన్సే లేదని 2002లో హడిల్‌స్టన్, పుల్లమ్‌ల కేంబ్రిడ్జి వ్యాకరణం వాదించింది. మనకు మాత్రం? ‘రోజూ యార్డుకెళ్తా’, ‘రేపు యార్డుకెళ్తా’: రెంటికీ ఒకటే ‘వెళ్తా’. ఆ మాట పట్టుకుని ఎవరూ దారి తప్పలేదు. విల్‌కీ గోయింగ్ టుకీ తేడా లేదనను. అది మాట ఎటు మొగ్గిందో చెప్పే తేడా. పొలం గట్టున పాతిన హద్దురాయి కాదు. చాలా చోట్ల రెండూ చెల్లుతాయి. చెల్లేదాన్ని కొట్టేసి ఎర్రసిరా పూయడమే మన చదువు.

చార్టులో పన్నెండో గడిని మాత్రం చెరపకండి. ‘ఫలానా ఏటికి ఈ పని ఇన్నేళ్లుగా జరుగుతూనే ఉండి ఉంటుంది’ అనే ఫ్యూచర్ పర్‌ఫెక్ట్ కంటిన్యుయస్ లండన్‌లో ఎవరికి అక్కరకొస్తుందో గానీ మార్కాపురంలో తప్పదు. అక్కడి వెలిగొండ సాగునీటి ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన. 2024 మార్చిలో సొరంగాలు జాతికి అంకితం. ఆ ఏడూ పొలానికి నీళ్లు రాలేదు.

మొన్న యార్డులో కమీషన్ వ్యాపారి “డబ్బులు రేపిస్తా” అన్నాడు. బాబాయి తన కొడుకు వైపు తిరిగి, “దీనికేం వెయ్యాల్రా?” అన్నాడు.

“మాట ఇచ్చాడుగా నాన్నా, విల్.”

“కాదురా. ఏటా ఇదే మాట. టైంటేబులు.”