బండి తాళం: టీకా తాత్పర్య సహితం

మూలం: ‘ఏమోయ్, బండి తాళం ఎక్కడ పెట్టాను?’

అవతారిక: తొమ్మిదిన్నరకు ఆఫీసులో ఉండవలసిన గృహస్థు తొమ్మిదింపావుకు చెప్పులు తొడుక్కుని, గుమ్మంలో నిలబడి, వంటింటివైపు పలికిన వాక్యమిది.

ప్రతిపదార్థం: ఏమోయ్ = ఓ ఇల్లాలా; బండి తాళం = రాత్రి తన చేతిలోనే ఉన్న వస్తువును; ఎక్కడ = ఫ్రిజ్ మీదనా, టీవీ వెనకనా, నిన్నటి ప్యాంటు జేబులోనా; పెట్టాను = పెట్టినది నేను, వెతకవలసినది నీవు (అని భావము).

తాత్పర్యం: చిక్కంతా ‘పెట్టాను’ దగ్గరే ఉంది. పెట్టేటప్పుడు ధ్యాస ఫోన్ మీద ఉంటే గుర్తు సరిగా పడదు. గుర్తు పడే వేళ మెదడులోని హిప్పోక్యాంపస్‌లో నాడీకణాలు కలిసే చోట క్యాల్షియం లోపలికి వస్తుంది. దాంతో కామ్‌కే-2 అనే ఎంజైమ్ మేల్కొంటుంది. దాని భాగాలు 286వ స్థానంలోని త్రియోనిన్ అనే అమైనో ఆమ్లం మీద ఒకదానికొకటి ఫాస్ఫేట్ తగిలించుకుంటాయి. ఆ తర్వాత క్యాల్షియం తగ్గిపోయినా ఎంజైమ్ వెంటనే నిద్రపోదు.

ప్రమాణం: 1998లో ఆల్సినో సిల్వా బృందం ఎలుకల్లో ఆ ఒక్క త్రియోనిన్ స్థానంలో అలనిన్ వచ్చేలా జన్యువును మార్చింది. అలనిన్‌కు ఫాస్ఫేట్ అంటదు. ఎంజైమ్ ఉంది, ఆ అంటు మాత్రం లేదు. తొట్టిలో నీటి మట్టానికి కాస్త కింద, కంటికి కనబడకుండా దాచిన పీట ‘ఎక్కడ’ ఉందో ఆ ఎలుకలు ఈది ఈదీ నేర్చుకోలేకపోయాయి.

విశేషం: ఈ ఫాస్ఫేట్‌ను ఇచ్చేది ఏటీపీ అనే అణువు. 1929లో జర్మనీలో కార్ల్ లోమన్ దానిని కనుగొన్నాడు. అదే కాలంలో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి విడిగా కనుగొన్నవాడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. కనుక భీమవరం గృహస్థులు తమ మతిమరుపును కొంత అభిమానంతో చూసుకోవచ్చు.

పూర్వపక్షం: ప్రోటీన్లు రోజుల్లోనో నెలల్లోనో అరిగిపోయి కొత్తవి వస్తాయి కదా, పెళ్లినాడు అత్తగారు అన్న మాట ముప్పై ఏళ్లు ఎలా నిలిచింది? 1984లో ఫ్రాన్సిస్ క్రిక్ లేవదీసిన సందేహమిదే. అత్తగారి ప్రస్తావన మాత్రం టీకాకారునిది.

సమాధానం: మరుసటి ఏడే జాన్ లిస్మన్ ఒక మార్గం చూపాడు. తనకు తాను ఫాస్ఫేట్ తగిలించుకునే ఎంజైమ్ ఉంటే చాలన్నాడు. కామ్‌కే-2లో సాధారణంగా పన్నెండు భాగాలుంటాయి. పంక్తిలో ఒకరు లేచి కొత్తవారు కూర్చుంటే పక్కవారు విస్తరి చూసి వడ్డించినట్టు, కొత్త భాగానికి పాత భాగాలు ఫాస్ఫేట్ అందించగలవు. అయితే ఏళ్ల తరబడి నిలిచే జ్ఞాపకానికి ఇదొక్కటే చాలుతుందా అన్న వాదం ఇంకా తెగలేదు.

పాఠాంతరం: కొన్ని ఇళ్లలో ‘తాళం ఎవరు తీశారు?’ అని కనబడుతోంది. దీనికీ శాస్త్రబలం లేకపోలేదు. తగిలిన ఫాస్ఫేట్‌ను ఊడదీసే ఎంజైములు ఫాస్ఫటేజులు. వాటిలో పీపీ1ను జ్యూరిక్‌లో ఇసబెల్ మాన్సుయ్ బృందం ఎలుకల్లో అణచి చూసి, 2002లో ఫలితం ప్రకటించింది. మామూలుగా పాఠానికీ పాఠానికీ మధ్య విరామం ఎక్కువుంటేనే బాగా నేర్చుకునే ఎలుకలు తక్కువ విరామంతోనే నేర్చుకున్నాయి, నేర్చినది ఎక్కువకాలం నిలుపుకున్నాయి. అంటే మరపు వట్టి అరుగుదల కాదు, అది కూడా మెదడు పూనుకుని చేసే పనే. అందుకే గృహస్థులందరూ ఈ పాఠాన్నే గ్రహించారు. ఇల్లాళ్ల వ్యాఖ్యలు మాత్రం ఇది ప్రక్షిప్తమని ఏకకంఠంతో తేల్చాయి.