సర్కారు వారూ, మీరూ ఒక దరఖాస్తు పెట్టుకోండి

పేదవాడిగా పుట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. పేదవాడినని మీసేవ కౌంటర్లో ఒప్పించడానికి మాత్రం ఒక డిగ్రీకి సరిపడా చదువుండాలి. ఆ డిగ్రీ కోసమే కదా ఫీజు రీయింబర్స్‌మెంట్ అడుగుతున్నాం అంటారా? ఎదురు ప్రశ్నలకు ఈపాస్ దరఖాస్తు ఫారంలో గడి లేదు.

పేద పిల్లల కాలేజీ ఫీజు సర్కారే కట్టే ఈ పథకం వై.ఎస్. రాజశేఖరరెడ్డి హయాంలో ఊపందుకున్నాక కూలీల పిల్లలు ఇంజినీర్లయ్యారు. అది కాదంటే కళ్లు పోతాయి. దొంగ విద్యార్థుల పేరిట సొమ్ము దిగమింగే కాలేజీలను పట్టుకోవాలంటే తనిఖీలూ ఉండాల్సిందే. కాకపోతే ఆ తనిఖీ ఎప్పుడూ పిల్లలకే ఎందుకు?

ఆదాయం లెక్కే చూడండి. తెలంగాణలో బీసీ కుటుంబానికి ఏడాది రాబడి పల్లెలో అయితే రూ.1.5 లక్షలు, పట్నంలో అయితే రూ.2 లక్షలు దాటకూడదు. రూ.1.8 లక్షలు తెచ్చుకునే తండ్రి ఊళ్లో ఉన్నంతసేపూ షావుకారు. మూటాముల్లె సర్దుకుని పట్నంలో కాపురం పెడితే నిరుపేద. పేదరిక నిర్మూలనకు ఇంత చవకైన మార్గం ఇంకెవరికి తడుతుంది? జనాన్ని పల్లెల్లోనే ఉంచితే చాలు.

తరవాత వేలిముద్ర. వేసవంతా మిరపకాయలు కోసిన పిల్ల మెషీన్ మీద బొటనవేలు పెడుతుంది. ఎర్ర లైటు. చున్నీకి తుడుచుకుని మళ్లీ పెడుతుంది. మళ్లీ ఎర్ర లైటే. ‘గట్టిగా నొక్కమ్మా’ అంటాడు కౌంటర్లో అబ్బాయి. కూలి పనికి గీతలరిగిన వేలికన్నా పేదరికానికి గట్టి రుజువేముంటుంది? మెషీన్ కొట్టేసేది సరిగ్గా ఆ రుజువునే.

ఇవన్నీ దాటితే దరఖాస్తు మంజూరు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ పూజారి ఎప్పుడో సంతకం పెట్టేశాడు, దేవుడే ఖజానా తాళం దొరకలేదంటున్నాడు. బిల్లుకు టోకెన్ పడుతుంది, డబ్బు పడదు. బకాయిలు వేల కోట్లకు చేరి, 2025 నవంబరులో తెలంగాణలో ప్రైవేటు కాలేజీలు తలుపులు మూసుకుని కూర్చున్నాయి. ఆంధ్రలో గొడవ వేరు. ఒక ప్రభుత్వం సొమ్ము తల్లుల ఖాతాలో వేస్తానంది, మరో ప్రభుత్వం వచ్చి కాలేజీ ఖాతాకే వేస్తానంది. ఎవరి ఖాతాలో వేయాలన్న దానిమీద జరిగిన చర్చలో సగమైనా ఎప్పుడు వేయాలన్న దానిమీద జరగలేదు.

ఈలోగా పిల్లవాడికి ఉద్యోగం వస్తుంది. కంపెనీ సర్టిఫికెట్లు అడుగుతుంది. కాలేజీ ఫీజు అడుగుతుంది. ‘కట్టేసి తీసుకెళ్లు బాబూ, సర్కారు డబ్బు రాగానే తిరిగిచ్చేస్తాం.’ తండ్రి అయిదు రూపాయల వడ్డీకి అప్పు తెస్తాడు. ప్రభుత్వం బాకీకి వడ్డీ కట్టేది ఫీజు కట్టలేనని సర్టిఫికెట్ తెచ్చుకున్న మనిషి!

కనుక ఇకమీదట సర్కారు వారు కూడా ఏటా దరఖాస్తు పెట్టుకోవాలని మనవి. ఫీజులు ఇప్పుడు కట్టలేమని చెప్పదలిస్తే ఆదాయ ధ్రువీకరణ పత్రం జతచేయాలి. పథకం ప్రచారానికి పత్రికల్లో వేయించిన నిలువెత్తు ప్రకటనల బిల్లులు ఒరిజినల్స్ తేవాలి. ఆర్థిక మంత్రిగారు స్వయంగా వచ్చి వేలిముద్ర వేయాలి. పడకపోతే మళ్లీ రావాలి. బడ్జెట్ పుస్తకంలో చూపిన అంకె, బ్యాంకు స్టేట్‌మెంటులో ఉన్న అంకె అక్షరం పొల్లుపోకుండా కలవాలి. కలవకపోతే దరఖాస్తు తిరస్కరణ.

ఇదంతా వేళాకోళం అనిపిస్తే సూటిగా ఒక జీవో చాలు: విద్యాసంవత్సరం ముగిసేలోగా ఫీజు కట్టాలి, ఆలస్యమైతే వడ్డీ సర్కారే భరించాలి, బకాయి పేరు చెప్పి ఏ కాలేజీ పిల్లల కాగితాలు ఆపకూడదు. సంతకం చాలు. వేలిముద్ర మినహాయిస్తాం.