వెబ్ పనిలోకి వచ్చేవాళ్లకు తలకిందుల సలహాలు

ఫ్రేమ్‌వర్క్ అన్నిటికంటే చివర్న నేర్చుకోండి. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ ఏ కోచింగ్ బోర్డు చూసినా మొదట అదే నేర్చుకోమంటుంది, ఇంట్లోవాళ్లూ ఆ ఫీజే కట్టేస్తారు. అయినా నా మాట ఇదే: ముందు హెచ్‌టీఎంఎల్, తర్వాత సీఎస్ఎస్, ఆ తర్వాతే జావాస్క్రిప్ట్. 2010లో వచ్చిన ఫ్రేమ్‌వర్క్ ఆంగ్యులర్‌జేఎస్‌కు 2021 డిసెంబరుతో సపోర్ట్ ఆగిపోయింది. ఫ్లాష్ అంతకు ఏడాది ముందే పోయింది. 1991లో టిమ్ బెర్నర్స్ లీ సెర్న్‌లో మొదలుపెట్టిన తొలి సైట్‌ మాత్రం ఇవాళ మీ జేబులోని ఫోన్‌లో కూడా తెరుచుకుంటుంది. ఎందుకంటే అందులో ఉన్నది ఒట్టి హెచ్‌టీఎంఎల్.

మొదటి జీతంతో మంచి లాప్‌టాప్ కొనుక్కోమంటారు. మీరు మాత్రం ఓ చవక ఫోన్, అదీ సెకండ్‌హ్యాండ్‌ది కొనండి. చేసిన పేజీని దాంట్లో వేసుకుని పల్లెవెలుగు బస్సెక్కండి. సిగ్నల్ వస్తూ పోతూ ఉండగా హాల్‌టికెట్ డౌన్‌లోడ్ చేసుకునే పిల్ల ఎంత అవస్థ పడుతుందో అక్కడ తెలుస్తుంది, ఆఫీసు వైఫైలో ఎన్నేళ్లు కూర్చున్నా తెలియదు.

డిజైన్‌ను ఇంగ్లిష్‌లో కాకుండా తెలుగులో మొదలుపెట్టండి. టీమ్‌లో అందరూ వింతగా చూస్తారు, చూడనివ్వండి. ఇంగ్లిష్ అక్షరాలకు సరిపెట్టి బటన్ ఎత్తు బిగించేస్తే ‘రాష్ట్రం’లో ట కింది రావత్తు తెగిపోతుంది. వరుసల మధ్య జాగా చాలకపోతే పై వరుస వత్తులు కింది వరుస గుడులకు తగులుకుంటాయి. చదివేవాళ్లు ఫిర్యాదు చేయరు, ఊరికే వెళ్లిపోతారు. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అనే ఒక్క తెలుగు అక్షరం వస్తే చాలు, ఐఫోన్‌లో యాప్‌లు కుప్పకూలిపోయేవి. ఆపిల్ హడావుడిగా అప్‌డేట్ ఇవ్వాల్సొచ్చింది. అంత పెద్ద కంపెనీయే తెలుగు పరీక్షకు నిలబడలేదంటే, మన ఫారాల సంగతి చెప్పేదేముంది! ఇంటిపేరు గడిలో ఒక్క అక్షరం కొడితే ఒప్పుకోని ఫారాలు ఇంకా ఉన్నాయి. ఇంటిపేరును పొడి అక్షరంగా రాసుకోవడం మనకు తరతరాల అలవాటు. అది తప్పని ఎర్రగీత చూపించే హక్కు ఆ గడికెక్కడిది?

హాబీ దేనికీ పనికిరానిదై ఉండాలి. రెజ్యూమెలో రాసుకోవద్దు, యూట్యూబ్ చానెల్‌గా మార్చొద్దు. నేను అమీన్‌పూర్ చెరువుకు పక్షుల్ని చూడటానికి వెళ్తాను. 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించిన చెరువది, చుట్టూ అపార్ట్‌మెంట్లు ముంచుకొస్తున్నా పక్షులింకా వస్తున్నాయి. నీటికాకి మునిగి లేచి, బండ మీదికెక్కి, రెండు రెక్కలూ బార్లా చాపి ఆరబెట్టుకుంటుంది. దాన్ని తొందరపెట్టే నోటిఫికేషన్ లేదు. చూడటం అనే పని నాకు అక్కడే అబ్బింది. వాడేవాళ్ల వేలు స్క్రీన్ మీద ఎక్కడ తడబడుతోందో కనిపెట్టడానికీ కావలసింది ఆ ఓపికే.

ఇక ఇంక్రిమెంట్ పోయినా సరే వదలొద్దని చెప్పే సలహా. మోసపు స్క్రీన్ చేయమంటే చేయనని చెప్పండి, మెయిల్‌లోనే చెప్పండి. అడగని ఇన్సూరెన్స్‌ను బిల్లులో కలిపేయడం, ‘ఇంకా రెండే మిగిలాయి’ అని అబద్ధం చెప్పడం, వద్దన్నవాళ్లను సిగ్గుపడేలా చేసే మాటలు రాయడం: ఇలాంటివి 13 రకాలను గుర్తించి కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో మార్గదర్శకాలు తెచ్చింది. ఆ పత్రాన్ని మెయిల్‌కు జతచేయండి. అప్పటికీ వినకపోతే వేరే ఉద్యోగం వెతుక్కోండి. కొత్తచోట ఇంటర్వ్యూలో జీతం సంగతికి ముందు ఒకటడగండి: మీ సర్వీసు వద్దనుకున్న మనిషి ఏ బటన్ నొక్కాలి? అది చూపించడానికి వాళ్లు తడుముకుంటుంటే, నమస్కారం పెట్టి లేచి రండి.