మూడో తుపాకీ ముచ్చట

తుపాకుల సెట్టు పూర్తి చేయాలని ముచ్చటపడే బాబులకు 2019 డిసెంబరులో ఢిల్లీ గండికొట్టింది. 1959 నాటి ఆయుధాల చట్టాన్ని సవరించి, మనిషికి మూడున్న చోట రెండే అంది. మొదటి బిల్లులో అయితే ఒక్కటే! ‘తాతల నాటి తుపాకులండీ’ అని ఎంపీలు మొత్తుకున్నాక రెండోది దక్కింది. తాతగారిదైనా ఆ రెండింట్లోనే లెక్క. మూడోదాన్ని ఏడాదిలోగా ఠాణాలోనో, లైసెన్సున్న డీలరు దగ్గరో అప్పగించమంది. గురిపోటీల క్రీడాకారులకు మాత్రం మినహాయింపు.

ఉన్న రెండైనా ఇంట్లో కుదురుగా ఉంటాయా? ఎన్నికల కోడ్ కూస్తే చాలు, పాత పంచెలో చుట్టిన డబుల్ బ్యారెల్‌ను స్టేషన్లో ఇచ్చి రసీదు జేబులో పెట్టుకోవడం ఊరూరా మామూలే.

మర్రిపాడు వైపు మెట్టరైతుకు ఈ గొడవే లేదు. అడవిపందులు చేలో పడితే ఆయన ఆయుధాగారం ఓ రేకు డబ్బా, ఓ కర్ర. సెట్టు ఎప్పుడో పూర్తయింది!

చూసి సరిపెట్టుకునే వాళ్లకు హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గది ఉంది. కొని తీరాలంటే టెక్సాస్ మనవాళ్లను అడగాలి. అక్కడ ఇన్నే ఉండాలని పరిమితి పెట్టే చట్టం లేదు. బీరువా చాలకపోతే ఇంకో బీరువా.