వంశాంకురం

రోమ్‌లో కాపిటోలైన్ కొండ మీద, జూనో మోనేటా దేవత గుడి పక్కనే టంకశాల ఉండేది. సుత్తి దెబ్బలు వెండికి, డప్పు మోత ముగ్గురు కుర్ర అధికారుల వంశాలకి. ఏడాది కొలువు. నాలుగు గ్రాములకి కాస్త అటూ ఇటూ తూగే దీనారియస్ మీద ఏ బొమ్మ పడాలన్నది చాలావరకు వీళ్ల చిత్తం.

మన వంశాంకురం ఇంకా యుద్ధం గెలవలేదు, చట్టం చెయ్యలేదు. అయితేనేం, తాతలున్నారు! తాతలు నేతులు తాగారని మనవాళ్లు మూతి వాసన చూపించి ఊరుకుంటారు. ఇతగాడు ఆ మూతినే వెండి మీద గుద్దించి ఊరందరి చేతిలో పెట్టాడు. గుర్రం అమ్మినవాడు సంచి విప్పితే గలగలమని ఈయన ముత్తాతలే.

పనికొచ్చే ముత్తాత దొరక్కపోతే ఇంకా వెనక్కి పోవడమే. క్రీ.పూ. 82లో గయస్ మామిలియస్ లిమెటానస్ ఏకంగా యులిసీస్ దాకా పోయాడు. ఇరవై ఏళ్ల తర్వాత ఇల్లు చేరిన ఆ వీరుడు చేతికర్రతో నిలబడితే, ముసలి కుక్క ఆర్గస్ తలెత్తి గుర్తుపడుతోంది. ఆయనకి సిర్సీ అనే మంత్రగత్తె కన్న కొడుకే తమ మూలపురుషుడని మామిలియస్‌ల వాదన. పరాయి ఊళ్లో పుట్టిన కొడుకు సంగతి దాచుకోకపోగా సర్కారు వెండి మీద చాటించారు! ఆ నాణెంలో నేను నమ్మేది కుక్కనొక్కదాన్నే.

వీరులు కలిసిరాకపోతే ఇంటిపేరుంది. పాంపోనియస్ మ్యూసా తన పేరు కలిసింది కదాని తొమ్మిదిమంది మ్యూజ్ దేవతల్నీ నాణేలకెక్కించాడు. క్రాసిపెస్ అంటే లావుపాదం. ఆ పెద్దమనిషి (టంకశాల కుర్రాడు కాదు, అంతకన్నా పెద్ద పదవే) ఏమాత్రం సిగ్గుపడకుండా దేవత తల వెనక ఓ పాదం వేయించాడు.

క్రీ.పూ. 54లో మార్కస్ బ్రూటస్ వంతు వచ్చింది. రాజుని వెళ్లగొట్టిన పూర్వపు బ్రూటస్‌ని బంట్రోతుల మధ్య నడిపించాడు. మళ్లీ ఓ తాతగారా అనుకుని జనం సంచిలో వేసుకుని ఉంటారు. పదేళ్లకి సీజర్, తాతలందర్నీ పక్కకి నెట్టి, బతికుండగానే తన తలే నాణేనికెక్కించుకున్నాడు. ఆ ఏడాదే ఈ మనవడు కత్తి దూశాడు. తర్వాత తన సైన్యం కోసం కొట్టించిన నాణెం బొరుసు వైపు రెండు బాకులు, మధ్యలో బానిసత్వం వదిలినవాడు పెట్టుకునే టోపీ. బొమ్మ వైపు తాతగారు లేరు. బ్రూటస్ తలే ఉంది.